పదేళ్ల ప్రణాళికలో లేని యంత్రం

"బ్రిటన్‌లో వైద్యానికి పైసా కట్టక్కర్లేదట కదరా, మరి స్కానింగుకు వారాల తరబడి ఆగడమేంటి? మనకైతే పొద్దున నందిగామలో బస్సెక్కితే సాయంత్రానికి బెజవాడ నుంచి రిపోర్టుతో తిరిగొస్తాం" అని జగ్గయ్యపేట నుంచి మా బాబాయి ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతాడు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు కోసం నేనుంటున్న ఈ దేశం కథ కొంచెం వెనక్కి వెళ్లి చెప్పాలి.

1948 జూలై 5న ఇక్కడ జాతీయ ఆరోగ్య సేవ మొదలైంది. యుద్ధం ముగిసి మూడేళ్లే. తిండికి ఇంకా రేషనే. అయినా అనైరిన్ బెవన్ అనే మంత్రి దేశంలోని ఆస్పత్రులను దాదాపు అన్నిటినీ ప్రభుత్వం కిందికి తెచ్చాడు. అలా తెచ్చాక ఏ ఊళ్లో ఏం కట్టాలన్నది కూడా ప్రభుత్వమే తేల్చాలి. 1962లో ఇనాక్ పావెల్ ఆరోగ్య మంత్రిగా ఉండగా పదేళ్ల ఆస్పత్రుల ప్రణాళిక వేశారు. కొత్తగా 90 ఆస్పత్రులు, వెయ్యిమంది జనాభాకు స్వల్పకాలిక చికిత్సకు 3.3 పడకలు. శ్రద్ధగా వేసిన లెక్కే, కానీ మొత్తం పడకల లెక్క.

ఆ పదేళ్లు నిండకుండానే, 1971 అక్టోబరు 1న, లండన్‌లో వింబుల్డన్ దగ్గరి ఆట్కిన్సన్ మోర్లీ ఆస్పత్రిలో ఒక రోగి మెదడును పుర్రె తెరవకుండా చూశారు. అదే మొదటి సీటీ స్కాన్. దాన్ని తయారుచేసిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ డాక్టరు కాదు, గ్రామఫోను రికార్డులమ్మే ఈఎంఐ కంపెనీలో ఇంజనీరు. 1979లో నోబెల్ వచ్చింది. తన గడ్డమీదే పుట్టిన యంత్రానికి ఈ దేశపు ప్రణాళికలో చోటు లేకపోయింది. చాలా ఊళ్లలో జనమే చందాలు పోగేసి స్కానర్లు కొనిచ్చారు. యంత్రం దానంగా వచ్చింది గానీ, దాన్ని నడిపేవాళ్ల జీతాలూ మరమ్మతులూ ఆస్పత్రి నెత్తిన పడ్డాయి. సంపన్న దేశాలతో పోలిస్తే ఇక్కడ స్కానర్లు ఇప్పటికీ తక్కువ. బాబాయి అడిగే వారాల వెనక ఇదంతా ఉంది.

కొత్త వైద్యం వస్తే ఖర్చు పెరుగుతుందనే అనుకోకూడదు. క్షయకు మందులు లేని రోజుల్లో మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం లాంటి శానిటోరియాల్లో నెలల తరబడి పడుకోబెట్టేవారు. 1956లో మద్రాసులో మన వైద్య పరిశోధన మండలి, బ్రిటన్ మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి ఒక పరీక్ష మొదలుపెట్టాయి. ఇంట్లో ఉండి మందులు మింగినవాళ్లకూ, శానిటోరియంలో ఉండి అవే మందులు మింగినవాళ్లకూ ఇంచుమించు ఒకేలా నయమైందని 1959లో తేలింది. అప్పటికి శానిటోరియం పడకలు పెంచే పనిలో ఉన్న ప్రభుత్వం ఏదైనా ఉంటే, ఆ డబ్బంతా గోడల పాలే కదా!

ఈ దేశం ఆలస్యంగానైనా నేర్చుకుంది. 1998లో బర్మింగ్‌హాంలో ఒక కేంద్రం పెట్టారు. ఏ మందు, ఏ పరికరం రాబోతోందో కనిపెట్టి ఆరోగ్య శాఖకు ముందుగా చెప్పడమే దాని పని. 1999లో నైస్ అనే సంస్థ వచ్చింది. పెట్టే డబ్బుకు తగ్గ ఆయుష్షు, ఆరోగ్యం దక్కుతాయా అని అది తూకం వేస్తుంది. క్యూలు పోలేదు. కానీ రాబోయేదాన్ని ముందే అడిగే మనుషులు జీతం మీద ఉన్నారు. ఈ దేశంలో నాకు బాగా నచ్చిన సంగతుల్లో అదొకటి.

మన దేశంలోనైతే అల్ట్రాసౌండ్ ముందొచ్చింది, లింగ నిర్ధారణను ఆపే కేంద్ర చట్టం 1994లోగానీ రాలేదు. ఆ మధ్యకాలంలో పుట్టకుండా పోయిన ఆడపిల్లల లెక్క ఎవరు చెప్పగలరు? కొత్త వైద్యాన్ని తూచే విభాగం ఢిల్లీలో 2017లోగానీ మొదలవలేదు.

ఆ తూకం అవసరం బాబాయి ఉండే జిల్లాలోనే ఉంది: అక్కడి ఏ. కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బు జనాన్ని తినేస్తోంది. డయాలిసిస్ అంటే వారానికి మూడుసార్లు, ఒక్కోసారికి వంద లీటర్లకు పైగా శుద్ధిచేసిన నీళ్లు, పని తెలిసిన టెక్నీషియన్, పోని కరెంటు. ఇప్పుడు మంచాన ఉన్నవాళ్లకు అవి కావాల్సిందే. అయితే షుగరు మందుగా వచ్చిన డాపాగ్లిఫ్లోజిన్ చాలామందిలో కిడ్నీ దెబ్బతినడాన్ని నెమ్మదింపజేస్తుందని 2020లో ఒక పెద్ద పరీక్షలో తేలింది. అదే ఏడు మన దేశంలో దాని తొలి పేటెంటు ముగిసింది, ఆ తర్వాత ధర దిగింది. తండాల్లోని జబ్బు మీద అది పనిచేస్తుందా, ఏ దశలో మొదలుపెట్టాలి అన్నది అక్కడి మనుషుల్లోనే పరీక్షించి చూడాలి, వచ్చే పదేళ్లకు ఎన్ని డయాలిసిస్ పడకలో ఫైలు మీద సంతకం పడకముందే.