తెర కింద చక్రం

స్వీడన్ రాజధాని స్టాక్‌హోం పక్కన డ్రాట్నింగ్‌హోం రాజభవనం ఆవరణలో 1766లో కట్టిన నాటకశాల ఉంది. మా అబ్బాయి దగ్గరకు వెళ్ళినప్పుడు దాన్ని తెర వెనుక కూడా చూసే అవకాశం కలిగింది. నాటకమంటే చెవి కోసుకునే సభ్యులు మనలో చాలామంది ఉన్నారు గనుక ఈ నాలుగు ముక్కలు.

అంతకుముందున్న నాటకశాల 1762లో కాలిపోతే, రాణి లోవీసా ఉల్రీకా దీన్ని కట్టించింది. పేరుకు రాజుల నాటకశాలే గాని బయటి నుంచి చాలా సాదా కట్టడం. లోపల పాలరాయిలా కనిపించేది రంగు పూత. నగిషీల్లో కొన్ని కాగితపు గుజ్జువి!

అసలు విశేషం వేదిక కింద ఉంది. అక్కడ నిలువు ఇరుసు మీద పెద్ద కొయ్య చక్రం. మనుషులు దాన్ని తోస్తే మోకులు లాగుకుని, పైన ఇరుపక్కల రంగుల పలకలు ఒక్కసారిగా గాడుల్లో జరుగుతాయి. కొన్ని క్షణాల్లో అడవి పోయి అంతఃపురం వస్తుంది. తెర దించే పనే లేదు. మన పరిషత్తు నాటకాల్లో దీపాలార్పి, చీకట్లో బల్లలు మోసి, కాళ్ళకు దెబ్బలు తగిలించుకున్న వాళ్ళకే దీని విలువ తెలుస్తుంది. రాళ్ళు నింపిన కొయ్య పెట్టెను పైన అటూ ఇటూ వంచితే ఉరుము. మెలి తిరిగిన దూలాలను తిప్పితే సముద్రం. ఈ యంత్రాలు అమర్చినవాడు డొనాటో స్టోపాని.

నాటకాల పిచ్చి ఉన్న రాజు మూడవ గుస్తావ్ 1792లో తుపాకి గుండుకు బలయ్యాక ఈ శాల కళ తప్పింది. చివరికి పాత సామాన్లు పడేసే కొట్టు అయింది. 1921లో ఆగ్నె బేయెర్ అనే పండితుడు ఒక వర్ణచిత్రం వెదుకుతూ వచ్చి, దుమ్ములో ఉన్న యంత్రాలను చూశాడు. మోకులు మార్చి, కరెంటు పెట్టి, 1922లో మళ్ళీ ప్రదర్శనలు మొదలుపెట్టారు. ఎవరూ పట్టించుకోకపోవడమే దాన్ని కాపాడిందని నాకనిపించింది. డబ్బున్నవాడి కంట పడి ఉంటే ఏనాడో కొత్త హంగులు చేసి ఉండేవాడు.

మనకూ ఇలాంటి విద్య ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన సురభి వారి తీగలు, కప్పీలు, మాయాబజార్ మాయలు మనమంతా చూసినవే. అయితే అది కట్టడంలో లేదు, ఆ కుటుంబాల చేతుల్లో ఉంది. దుమ్ములో పడి ఉంటే ఎవరో వచ్చి వెలికి తీసే వీల్లేదు.

తమ ఊళ్ళ పాత నాటక సమాజాల తెరలు, కప్పీలు ఎవరింట్లోనైనా ఉన్నట్లు తెలిసిన సభ్యులు దయచేసి మన పత్రికకు రాయగలరు.