యజ్ఞశాలలో పనివారి ధర్మము

ఉద్యోగధర్మమనగానే కార్యాలయములు తలపునకు వచ్చును. మన స్మృతులలో ఆ విచారము యజ్ఞశాలను గూడ విడువలేదు. పలువురు కలిసి పనిచేసి ఫలము పంచుకొనుటకు ‘సంభూయ సముత్థాన’మని పేరు. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున దీనికి ఋత్విక్కులనే ఉదాహరణముగా గైకొనిరి.

సోమయాగమున ఋత్విక్కులు 16 మంది. వ్యాఖ్యాతల లెక్కలో దక్షిణ 100 గోవులైనచో హోత, అధ్వర్యువు, బ్రహ్మ, ఉద్గాతలకు తలకు 12; తరువాతి నలుగురికి 6; ఆపై నలుగురికి 4; కడపటి నలుగురికి 3. ఇందు మాకు మిక్కిలి ఆసక్తి గొలుపునది బ్రహ్మ స్థానము. ఆయన చాలవరకు మౌనముగా కూర్చుండి, ఇతరుల కర్మలో లోపము కలిగినచో ప్రాయశ్చిత్తము చేయును. చూచువారికి ఊరక కూర్చున్నట్లే యుండును! అయినను హోతతో సమాన భాగము. కనిపెట్టి యుండుటయు పనియేనని పూర్వులెరుగుదురు.

వరణమందినవాడు నడుమ విడిచిపోయినచో చేసినంతకే భాగమని మనువు. కూటమిలో కపటిని లాభమీయక తొలగింపవలెనని, అశక్తుడు తన పనిని వేరొకనిచే చేయింపవలెనని వర్తకులకు చెప్పిన యాజ్ఞవల్క్యుడు, ఆ విధినే ఋత్విక్కులకు, సేద్యగాండ్రకు, పనివారికి ఒక్క వరుసలో వర్తింపజేసెను. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను 13వ శతాబ్దిలో కేతన తెలుగు పద్యములలోనికి తెచ్చెను.

కూలివాని విషయమున మనువు మాట యజమానులకు కంఠస్థమే: రోగము లేకయే గర్వముచే పని మానినవానికి 8 కృష్ణలముల దండన, జీతము లేదు. ఆ వెంటనే యున్న శ్లోకమును వినగోరువారు అరుదు. రోగియై మానినవాడు స్వస్థుడై ఆ పని చేసినచో, ఎంతకాలము గడిచినను జీతము పొందును.