సంచీలో ఒక విడి ట్యూబు

ఆడవాళ్ళ చేతిసంచీలో ఏముంటుందో మగవాళ్ళకి ఎప్పటికీ అంతుపట్టదంటారు. అంతుపట్టకపోవడానికి ఏముంది చెప్పండి! పిన్నీసు, దువ్వెన, తలనొప్పి మాత్ర, చిల్లర, మడతపెట్టిన గుడ్డసంచీ, ఇంటి తాళం. మన ముందుచూపే ఒక్కొక్క వస్తువుగా మారి అందులో చేరుతుందంతే. నలభై దాటాక సైకిలెక్కిన నా సంచీలో ఈమధ్య ఇంకో వస్తువు చేరింది. పాత మేజోడులో చుట్టిపెట్టిన రబ్బరు ట్యూబు. "ఇదేంటమ్మా, పాములవాడి బుట్టలోంచి తెచ్చావా?" అంది మా అమ్మాయి. పాము కాదు గాని, దాని వెనకున్న చరిత్ర మాత్రం పాముకన్నా పొడుగు.

మా ఇల్లు కొండాపూర్‌లో. 1998లో ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ని ప్రారంభించినప్పుడు ఈ చుట్టుపక్కల మేడలకన్నా బండరాళ్ళే ఎక్కువ. ఇప్పుడు రాళ్ళని వెతుక్కోవాలి. ఇంత రద్దీలో సైకిలెవరు తొక్కుతారనుకుంటే, 2023 అక్టోబర్ 1న ఔటర్ రింగురోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ దారి వచ్చింది. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ వైపు ఒక పాయ, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకో పాయ. పైన సౌరఫలకాలతో కప్పు. దక్షిణ కొరియాలో ఇలాంటిదాన్ని చూసి కట్టారు. ఎండా తగలదు, లారీ మీదికీ రాదు. కొత్తగా సైకిలెక్కినవాళ్ళకి పుట్టిల్లు లాంటి చోటు. కాకపోతే బాగా లోపలికెళ్ళాక ముందు చక్రం "సుయ్‌" మందంటే, పుట్టింటివాళ్ళెవరూ రారు.

మా చిన్నప్పుడు ఈ బెంగే ఉండేది కాదు. ఊళ్ళో ప్రతి మలుపులోనూ ఒక సైకిల్ షాపు. గంటకింతని అద్దె సైకిళ్ళు, ముందర నీళ్ళ తొట్టి, గోడకి వేలాడే టైర్లు, కాళ్ళతో నొక్కిపట్టి కొట్టే పెద్ద పంపు. ట్యూబు బయటికి లాగి నీళ్ళలో ముంచితే బుడగలొచ్చేవి. అక్కడ ఆకురాయితో గరగరా గీకి, సొల్యూషను రాసి, ఊది ఆరబెట్టి, అతుకు వేసి సుత్తితో రెండు దెబ్బలు కొట్టేవాడు. బళ్ళో సైన్సు మాస్టారు చెప్పలేని పాఠం అది. ఈ ఐటీ రోడ్లమీద పంక్చరు దుకాణాలు లేకపోలేదు. అవన్నీ కార్లకీ, మోటారుసైకిళ్ళకీ. వాటికి ఇప్పుడు ట్యూబే ఉండటం లేదు, నీళ్ళ తొట్టితో పనేముంది! మొన్నొక దుకాణంలో పెద్దాయన నా చక్రం వంక చూసి, "అమ్మా, గీ వాల్వుకు నా పంపు పట్టదమ్మా. గింత సన్నగుంటే ఎట్ల?" అన్నాడు. "మరేం చెయ్యాలి భాయ్?" అంటే, "ట్యూబు మీ తానే పెట్టుకోవాలె" అని ఒక్కముక్కలో తేల్చేశాడు.

అసలీ గాలి చక్రం ఎవరి బుర్రలో పుట్టిందంటే డన్లప్ అని మనకి కంఠతా వచ్చు. కాని అంతకు చాలా ముందే, 1845లో, రాబర్ట్ విలియం థామ్సన్ అనే స్కాట్లండు యువకుడు పేటెంటు తీసుకున్నాడు. రబ్బరు పూసిన గుడ్డ గొట్టంలో గాలి నింపి, పైన తోలు తొడిగి, గుర్రపు బళ్ళకి బిగించాడు. సైకిలింకా సరిగ్గా పుట్టనే లేదు, ఎవరిక్కావాలి? లోకం మర్చిపోయింది. 1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టరు జాన్ బాయ్డ్ డన్లప్, కొడుకు మూడుచక్రాల బండి రాళ్ళమీద ఎగిరెగిరి పడుతోందని మళ్ళీ అదే కనిపెట్టాడు. థామ్సన్ సంగతి బయటపడి రెండేళ్ళకే ఆయన పేటెంటు చెల్లకుండా పోయింది. పేరు మాత్రం మిగిలింది. పేటెంటు కన్నా పేరే గట్టిదేమో!

గాలి టైరుతోపాటే పంక్చరూ పుట్టింది. డన్లప్ టైరుని చక్రానికి జిగురుతో అంటించేవారు. 1889లో ఫ్రాన్సులోని క్లెర్మాఁ ఫెరాఁ ఊళ్ళో మిషెలిన్ అన్నదమ్ముల రబ్బరు కర్మాగారానికి ఒక సైకిలిస్టు చిల్లుపడిన టైరుతో వచ్చాడు. ఊడదీసి బాగుచేయడానికి మూడు గంటలు, జిగురు ఆరడానికి రాత్రంతా పట్టింది. తీరా ఎడ్వర్డ్ మిషెలిన్ తొక్కి చూస్తే కాస్త దూరంలోనే మళ్ళీ గాలి పోయింది. ఇంకొకరైతే తిట్టుకుని ఊరుకునేవారు. ఆయన 1891కల్లా విప్పి తొడిగే టైరూ, లోపల విడిగా ట్యూబూ తయారుచేశాడు. ఆ ఏడే పారిస్ నుంచి బ్రెస్ట్‌కి పోయి రావడానికి దాదాపు 1200 కిలోమీటర్ల పందెం జరిగితే, ఆ టైర్లమీద షార్ల్ తెరాఁ మూడు రోజుల్లోపే గెలిచాడు. మరుసటేడు తమ టైర్ల పందెంలో మిషెలిన్ వాళ్ళే దారిలో మేకులు చల్లించారు, మార్చుకోవడం ఎంత తేలికో చూడమని. వ్యాపారమంటే అలా ఉండాలి మరి! విడి ట్యూబు సంచీలో పెట్టుకోవడమన్న ఆలోచనకి పునాది అక్కడ పడింది.

1903లో మొదలైన టూర్ ద ఫ్రాన్స్ తొలినాళ్ళ ఫొటోలు ఎప్పుడైనా చూశారా? పందెగాళ్ళు విడి టైర్లని భుజాలమీదుగా అడ్డంగా, అచ్చం జంధ్యంలా వేసుకుని కనిపిస్తారు. ఎవరి బండి వాళ్ళే బాగుచేసుకోవాలి, పరాయి చెయ్యి పడకూడదని నిబంధన. 1913లో యూజెన్ క్రిస్తోఫ్‌కి కొండల్లో ముందు ఫోర్కు విరిగింది. సైకిలు మోసుకుని మైళ్ళు నడిచి, ఒక పల్లెలో కమ్మరి కొలిమి దగ్గర తనే కాల్చి అతికాడు. అయినా శిక్ష వేశారు. ఎందుకనుకున్నారు? కొలిమి తిత్తి ఊదింది ఒక కుర్రవాడట!

ఇక ఆడవాళ్ళ సంగతి. 1894లో ఆనీ లండన్‌డెరీ అనే బోస్టన్ ఇల్లాలు, ముగ్గురు పిల్లల తల్లి, మార్చుకోవడానికి ఒక జత బట్టలూ ముత్యపు పిడి పిస్తోలూ పట్టుకుని ప్రపంచయాత్రకి బయల్దేరింది. మద్యపాన నిషేధానికి పోరాడిన ఫ్రాన్సెస్ విల్లార్డ్ 53వ ఏట సైకిలు నేర్చుకుని, 1895లో దానిమీద పుస్తకమే రాసింది. నాకు నచ్చింది మాత్రం మరియా వార్డ్. 1896లో న్యూయార్క్‌లో అచ్చయిన ఆమె పుస్తకంలో తొక్కడమెలాగో చెప్పి ఊరుకోలేదు. పనిముట్ల గురించి, బాగుచేసుకోవడం గురించి ప్రకరణాలకి ప్రకరణాలు రాసింది. సూదీ కత్తెరా పట్టిన చేతికి రెంచీ ఏపాటి అని ఆమె ధోరణి.

మన పక్కన పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో, షీలా రాణీ చుంకత్ కలెక్టరుగా ఉండగా, అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా పల్లెటూరి ఆడవాళ్ళు వేలకొద్దీ సైకిలు నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్ళు చాలక మగవాళ్ళ సైకిళ్ళే తొక్కారు. ముందు కడ్డీమీద చంటిపిల్లని కూర్చోబెట్టుకోవచ్చని కొందరు దాన్నే ఇష్టపడ్డారట కూడా. పుచ్చలపల్లి సుందరయ్యగారు పార్లమెంటుకి సైకిలుమీద వెళ్ళేవారని గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవలసిందే. అయితే "దారిలో పంక్చరైతే నిన్నెవరు తీసుకొస్తారు?" అని ఆయన్ని ఎవరూ అడిగి ఉండరు. నన్ను మా ఇంట్లో అందరూ అడిగారు. ఒక ఆడది ఎంతదూరం పోగలదన్నది ఆమె కాళ్ళని బట్టి తేలడం లేదు. ఆగిపోతే ఎవరికి ఫోను చెయ్యాలి, వాళ్ళకి తీరిక ఉందా లేదా, దాన్ని బట్టి తేలుతోంది. పావుకిలోకూడా తూగని రబ్బరు ముక్క ఈ లెక్క మార్చేస్తుంది.

అయితే ఏదో ఒక ట్యూబు పడేసుకుంటే చాలదు. టైరు పక్కన ఉబ్బెత్తుగా పోతపోసిన అంకెలుంటాయి, కళ్ళజోడు పెట్టుకుని చదవండి. గీతకి అటుపక్క ఉన్న మూడంకెల సంఖ్యే అసలైనది, టైరు కూర్చునే చోట చక్రం వ్యాసం, మిల్లీమీటర్లలో. మన పాత పాలవాళ్ళ సైకిలు 635, మామూలు 26 అంగుళాల గేరు సైకిలు 559. ఇక 700 అని ఒకటి, 29 అని ఇంకొకటి అమ్ముతారు గాని రెండూ 622 చక్రాలే! వెడల్పు వేరు. జాకెట్టు సైజుల్లాంటివే ఇవీ, చీటీమీద ఏమున్నా టేపు పెట్టి కొలవాల్సిందే.

తర్వాత వాల్వు. పాత సైకిళ్ళది డన్లప్ వాల్వు, లోపల చిన్న రబ్బరు తొడుగుతో. మోటారుసైకిళ్ళకుండే లావుపాటిది అమెరికా ష్రేడర్. నాది ఫ్రెంచివాళ్ళ ప్రెస్టా, సన్నం. కొనమీద బుల్లి మర వదులుచేస్తేగాని గాలెక్కదు. చక్రంలో దాని రంధ్రం 6 మిల్లీమీటర్లు, లావుదానికి 8. కాబట్టి లావు ట్యూబు నా చక్రంలో దూరదు. చిటికెడంత ఇత్తడి తొడుగు ఒకటి అమ్ముతారు. అది పెట్టుకుంటే ఏ దుకాణం పంపైనా పడుతుంది.

కొత్త ట్యూబని నమ్మి సంచీలో వేసుకోకండి. ఇంట్లోనే ఒంపు తిరిగేంత మట్టుకి గాలి కొట్టి, రాత్రంతా వదిలేసి, తెల్లారి వేలితో నొక్కి చూడండి. వాల్వు మీద నీటిచుక్క వేస్తే బుడగ సంగతి తెలుస్తుంది. గాలి పూర్తిగా తీసి, కాస్త పౌడరు చల్లి, మేజోడులో చుట్టండి. లేకపోతే సంచీలో రెంచీ అంచు రాపిడికి వాడకముందే చిల్లు పడుతుంది. ఇప్పటి ట్యూబులు చాలావరకు బ్యూటైల్ రబ్బరువి. 1937లో అమెరికాలో తయారైన ఈ రబ్బరు గాలిని పాతదానికన్నా బాగా పట్టి ఉంచుతుంది. అలాగని మన ఏప్రిల్ ఎండలో సీటు కింద నెలల తరబడి వేలాడదీస్తే అదీ బీటలిస్తుంది. రెండు మూడు నెలలకోసారి తీసి చూసుకోవాలి, ఆవకాయ జాడీ చూసుకున్నట్టు.

దారిలో మార్చేటప్పుడు తొందరపడి కొత్తది తొడిగేయకూడదు. ముందు టైరు లోపల వేలితో మెల్లగా తడిమి ముల్లో, గాజుపెంకో దొరికేదాకా వెతకాలి. అది అక్కడే ఉంటే రెండో ట్యూబూ మొదటిదాని దారే పడుతుంది. దూరం వెళ్ళేవాళ్ళు రెండు ట్యూబులు పెట్టుకునేది అందుకే. చిల్లుపడినదాన్ని ఇంటికి తెచ్చి తీరిగ్గా అతుకేసుకుంటే అదే మళ్ళీ విడి ట్యూబవుతుంది. నాదొకటి నాలుగతుకులదాకా వచ్చింది. ఐదోది పడ్డాక మా ఇంట్లో పనిచేసే ఆవిడ అడిగి పట్టుకెళ్ళింది, నీళ్ళ డ్రమ్ము మూతకి బిగించి కట్టడానికి అంతకన్నా మంచిది దొరకదట.