చిన్న నగరాలు, ఉమ్మడి సైకిళ్లు

మన చిన్న పట్టణాల్లో ఒకప్పుడు గంటల లెక్కన సైకిళ్లు అద్దెకిచ్చే షాపులుండేవి. మీరు చూసి ఉండకపోతే ఇంట్లో పెద్దలను అడగండి. యజమాని పుస్తకంలో పేరు, టైము రాసుకుని సైకిల్ ఇచ్చేవాడు. డిపాజిట్ అడిగేవాడు కాదు, ఎందుకంటే మీరు ఎవరి అబ్బాయో ఆయనకు తెలుసు. ఒకచోట సైకిల్ తీసుకుని మరోచోట వదిలిపెట్టే ఉమ్మడి సైకిల్ పథకాల చరిత్రను అర్థం చేసుకోవడానికి ఈ షాపును గుర్తుంచుకోండి.

1965లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రోవో అనే యువజన ఉద్యమం తెల్లరంగు వేసిన సైకిళ్లను తాళం లేకుండా వీధుల్లో ఉంచింది. తాళం వేయని సైకిల్‌ను వీధిలో వదలడం చట్టవిరుద్ధమని పోలీసులు వాటిని తీసుకుపోయారు. 1993లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్‌లో సుమారు 300 సైకిళ్లతో ఇటువంటి ప్రయత్నమే జరిగింది. వాటిలో ఎక్కువ భాగం దొంగల పాలయ్యాయి. సైకిల్ ఎవరు తీసుకున్నారో తెలియకపోవడమే ఈ రెండు పథకాల లోపం. ఫ్రాన్స్‌లోని లా రోషెల్ వంటి చిన్న రేవు నగరం మాత్రం మేయర్ మిషెల్ క్రెపో కాలంలో, 1970 దశాబ్ది మధ్యలో ప్రవేశపెట్టిన పసుపుపచ్చ సైకిళ్ల సేవను రూపం మారుస్తూ నేటికీ నిలుపుకుంది.

తర్వాతి మార్పులు కూడా చిన్న ఊళ్లలోనే మొదలయ్యాయని గమనించండి. నాణెం వేసి తాళం తీసే పద్ధతి 1991లో డెన్మార్క్‌లోని ఫార్సో, గ్రెనో పట్టణాల్లో వచ్చింది. 1993లో నాక్స్‌కోవ్ పట్టణం కేవలం 26 సైకిళ్లు, 4 స్టాండ్లతో దాన్ని అనుసరించింది. పెద్ద ఎత్తున అమలు చేసిన కోపెన్‌హాగెన్ వంతు 1995లో గాని రాలేదు. అక్కడ 20 క్రోనర్ల నాణెం వేస్తే సైకిల్ వచ్చేది. అయితే నాణేనికి పేరు ఉండదు కనుక దొంగతనం ఆగలేదు. 1998లో ఫ్రాన్స్‌లోని రెన్ నగరం కార్డు పద్ధతి తెచ్చింది. కార్డు వాడిన మనిషి వివరాలు కంప్యూటర్లో ఉంటాయి. అంటే షాపు యజమాని పుస్తకాన్నే యంత్రానికి అప్పగించారన్నమాట!

దొంగతనం సమస్య ఈ విధంగా చాలావరకు తీరింది. డబ్బు సమస్య తీరలేదు. రెన్‌లో ఒక ప్రకటనల సంస్థ వీధి ప్రకటనల హక్కులకు బదులుగా సైకిళ్లను నడిపింది. లియాన్ (2005), పారిస్ (2007) నగరాల్లో మరో ప్రకటనల సంస్థతో అదే బాట పట్టారు. పారిస్ గోడమీది ప్రకటనకు ఉన్న ధర చిన్న పట్టణపు గోడకు ఉండదు కాబట్టి ఈ ఏర్పాటు అంతటా పనిచేయదు. సైకిళ్ల వాడకం తగ్గితే నష్టం పురపాలక సంఘం మీదే పడుతుంది.

వాడకం దేనిపై ఆధారపడుతుంది? స్టాండు నడక దూరంలో ఉండాలి. రవాణా ప్రణాళికా నిపుణులు చదరపు కిలోమీటరుకు 10 నుంచి 16 స్టాండ్లు, ఒక్కో సైకిల్‌కు రోజుకు 4 నుంచి 8 ప్రయాణాలు ఉండాలంటారు. 2017 జూన్‌లో మైసూరులో ట్రిన్ ట్రిన్ అనే పథకం 450 సైకిళ్లు, సుమారు 50 స్టాండ్లతో ప్రారంభమైంది. మైసూరు వైశాల్యం నూరు చదరపు కిలోమీటర్లకు పైమాటే. మీరే భాగించి చూడండి. స్టాండ్లను నగరమంతా పరిస్తే ఒకదానికొకటి అందవు. ప్యాలెస్, బస్ స్టేషన్ వంటి చోట్ల దగ్గర దగ్గరగా పెడితే శివారు కాలనీల వారికి ఉపయోగం ఉండదు. చిన్న నగరంలో దగ్గరి పనికి కాలినడక చాలు, దూరానికి ఇంట్లో మోటారు సైకిల్ ఉంటుంది. ఈ రెంటి నడుమ మిగిలే ఒకటి రెండు కిలోమీటర్ల ప్రయాణమే ఉమ్మడి సైకిల్‌కు దక్కేది.

అందుచేత టికెట్ రాబడిని మాత్రమే చూసి ఇటువంటి పథకాన్ని విఫలమనడం సరికాదని ఈ రచయిత అభిప్రాయం. వీధిదీపాల నుంచి రాబడి ఎంతని ఎవరూ అడగరు కదా. అయితే వీధిదీపం అందరికీ వెలుగునిస్తుంది, సైకిల్ మాత్రం స్టాండు దగ్గరున్నవారికే అందుతుంది. ఈ అభ్యంతరానికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు.

అభ్యాసం: మీ పట్టణంలో పది స్టాండ్లకే డబ్బుందనుకోండి. వాటిని ఎక్కడ పెడతారు? ఏ పేటను వదిలేస్తారు? కారణాలతో ఒక పేజీ రాయండి.