యంత్రము వ్రాసికొనిన చిట్టా

చిట్టా వ్రాయని వర్తకుడు తన లాభనష్టముల నెరుగజాలడు. గణనయంత్రముల విషయమునను ఇది సత్యమే యని మనము క్రమముగా తెలిసికొంటిమి.

1951 నవంబరులో లండను నగరమున లయన్స్ కంపెనీవారు తమ రొట్టెల శాఖ లెక్కలను ‘లియో’ అను యంత్రముచే కట్టింపసాగిరి. నాడు ఒక వేళ ఒకే పని నడచెడిది. ఎంతసేపు పట్టినదో గడియారము చూచి వ్రాసికొనవచ్చును.

1964లో ఐ.బి.యం. వారు ‘సిస్టమ్ 360’ని ప్రకటించిరి. పిమ్మట ఈ యంత్రములపై పెక్కు పనులు ఏకకాలమున సాగజొచ్చెను. జీతముల పట్టీ ఆలస్యమైనచో దోషము దేనిదో కంటికి కనరాదు. కావున ఆ దశాబ్ది చివర ‘యస్.యం.యఫ్.’ అను ఏర్పాటు వచ్చినది. పని ముగియగానే దాని పేరు, మొదలైన వేళ, ముగిసిన వేళ, వాడుకొనిన యంత్రకాలము డిస్కుపై తమంత తామే నమోదగును.

ఇందలి మెలకువ యేమన, చిట్టాలు రెండు. ఒకటి నిండగానే వ్రాత రెండవదానికి మారును. నిండినదానిని టేపున కెక్కించి భద్రపరతురు. ఏ శాఖ యెంత వాడినదో, ఏ పని నానాటికి మందగించుచున్నదో పాతపద్దులే చెప్పును. పెద్ద యంత్రములలో ఈ పద్ధతి నేటికిని నిలిచియున్నది.

పద్దు లేనిచోట నింద పోయి ఏ గుమాస్తాపైననో పడును. పద్దున్నచోట మనము కారణమును వెదకుదుము.