తలనొప్పి మందు నుంచి తెరమీది వైద్యం దాకా

తెలుగు పత్రికల చరిత్రని ఒక తలనొప్పి మందుతో మొదలుపెడితే తప్పేమీ లేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారుచేశారు. ఆ వ్యాపారం నిలబెట్టిన ధైర్యంతో 1908లో అక్కడే ఆంధ్రపత్రిక వారపత్రికగా పుట్టింది. 1914లో మద్రాసు చేరి దినపత్రిక అయింది. పంతులుగారి దేశభక్తినీ దానగుణాన్నీ నేను శంకించడం లేదు. అమృతాంజనం చేసే పని కూడా నిజమైనదే. మెంథాల్, కర్పూరం లాంటివి చర్మాన్ని కాస్త చురుక్కుమనిపించి లోపలి నొప్పిని కాసేపు మరిపిస్తాయి. నేను చెప్పదలచుకున్నది వేరే. మన భాషలో మందూ పత్రికా మొదటినుంచీ ఒకే ఇంట్లో కాపురం ఉన్నాయి.

ఇంకో ఉదాహరణ డాక్టర్ కె.ఎన్. కేసరి. మద్రాసులో కేసరి కుటీరం పెట్టి, స్త్రీల జబ్బులకి 'లోధ్ర' అమ్మారు. 1928లో స్త్రీల కోసం గృహలక్ష్మి పత్రిక నడపడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో ఒక ఇల్లాలు తన బాధ మగ డాక్టరుకి చెప్పుకోవడం ఎంత కష్టమో ఊహించండి. అలాంటి ఇంటికి పత్రిక వచ్చేది, పత్రికలో మందు ప్రకటన వచ్చేది, కార్డు ముక్క రాస్తే వీపీపీలో సీసా వచ్చేది. రోగిని చూడకుండా వైద్యం చేయడం ఇంటర్నెట్‌తో వచ్చిందనుకునేవాళ్ళు పాత పత్రికల చివరి పేజీలు ఒకసారి తిరగేయాలి.

దూరవైద్యం అమ్మేవాళ్ళకి దీర్ఘరోగమే ఎందుకు ఇష్టం? జలుబైతే వారంలో పోతుంది, బేరం అక్కడితో సరి. కీళ్ళనొప్పులు, ఉబ్బసం, గ్యాసు అలా కాదు. కొన్నాళ్ళు విజృంభిస్తాయి, కొన్నాళ్ళు వాటంతటవే నెమ్మదిస్తాయి. మనిషి కొత్త మందు వెతుక్కునేది నొప్పి పతాకస్థాయిలో ఉన్నప్పుడే. ఆ తర్వాత ఎటూ తగ్గే రోజులే వస్తాయి. ఆ తగ్గుదల ఏ సీసా చేతిలో ఉంటే ఆ సీసా ఖాతాలో పడుతుంది. (చేపమందు గురించి ఇక్కడ మళ్ళీ రాయను, మిత్రులు చాలా రాశారు.) బీపీ, షుగరుల సంగతి ఇంకా విచిత్రం. అవి చాలామందిలో ఏ బాధా తెలియనివ్వవు. "నాకు హాయిగా ఉంది" అనే సాక్ష్యానికి అక్కడ విలువే లేదు. మూత్రపిండాలు పాడవుతున్నప్పుడు కూడా మనిషికి హాయిగానే ఉండొచ్చు.

1954లో మన పార్లమెంటు మందుల, మాయచికిత్సల ప్రకటనల చట్టం చేసింది. మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బులు, కీళ్ళవాతం వగైరా 54 రోగాల జాబితా ఇచ్చి, వీటిని నయం చేస్తామని ప్రకటనలు వేయకూడదంది. మందు ఏ వైద్యపద్ధతిదన్న తేడా లేదు. ఆ చట్టంలో 'ప్రకటన' అంటే ఏమిటో చదివితే ముచ్చటేస్తుంది. కరపత్రం, చీటీ, నోటిమాటలతోపాటు వెలుతురు, శబ్దం, పొగ ద్వారా చేసే చాటింపు కూడా ప్రకటనేనట! పొగ సంగతేమో గాని, వెలుతురూ శబ్దమూ కలిస్తే అది ఇవాళ మన చేతిలో ఉన్న ఫోనే. మొదటి నేరానికి ఆరునెలల దాకా జైలు అని రాశారు. ఎందరు వెళ్ళారో గోడల మీద ప్రకటనలు చూసి మీరే అంచనా వేసుకోండి.

దూరం నుంచి చెప్పే సలహా అంతా మోసమేనా? కాదనడానికి మన దగ్గరే రుజువుంది. గోరాగారి కుమారుడు డాక్టర్ సమరం స్వాతి వారపత్రికలో పాఠకుల ఉత్తరాలకి ఏళ్ళ తరబడి జవాబులిచ్చారు. (1939లో, యుద్ధకాలంలో పుట్టారు గనక ఆ పేరు. ఉప్పు సత్యాగ్రహం నాడు పుట్టిన అన్నగారు లవణం.) కన్నతల్లికీ కట్టుకున్నదానికీ చెప్పుకోలేని అనుమానాలు జనం ఆయనకి రాశారు. చాలా ఉత్తరాలకి కావలసింది మందు కాదు, "అది జబ్బు కాదు" అనే ఒక్క మాట. ఆ పేజీ కోసమే పత్రిక కొన్నవాళ్ళున్నారు, దాన్ని చాటుగా చదివి బయట తిట్టినవాళ్ళూ ఉన్నారు. కానీ ఆ జవాబు కింద సీసా లేదు. నా దృష్టిలో తేడా అంతా అదే.

2000లో చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో వాళ్ళు ఉపగ్రహం ద్వారా వైద్యసలహా మొదలుపెట్టారు. 2007లో 104 వచ్చింది. ఫోన్ చేస్తే వరసగా ప్రశ్నలడిగి సలహా చెప్పేవారు. దాన్ని నడిపిన సంస్థ వెనక ఉన్న సత్యం రామలింగరాజు 2009 జనవరిలో ఏం ఒప్పుకున్నారో అందరికీ తెలుసు, అది వేరే కథ. మనకి పనికొచ్చే విషయం ఏమిటంటే, ఫోనుతోనే పని జరగలేదు. అదే నంబరు పేరుతో బండ్లు నెలకోసారి పల్లెలకి వెళ్ళి, చేతికి పట్టీ చుట్టి బీపీ చూసి, షుగరు చూసి, బిళ్ళలు ఇవ్వాల్సివచ్చింది.

నేను కలకత్తాలో, ఏక్‌బాల్‌పూర్‌లో ఉంటాను. డైమండ్ హార్బర్ రోడ్డు మీది ఆసుపత్రులకి పరీక్షల కాగితాలు కవర్లలో పెట్టుకుని ఎక్కడెక్కడి నుంచో జనం వస్తుంటారు. తెనాలిలో ఉన్న మా మేనత్త మాత్రం ఆ మధ్య నాకే ఫోన్ చేసింది. "ఒరేయ్ అబ్బాయ్, బిళ్ళలు మానేస్తేనే ఈ పథ్యం పనిచేస్తుందట. మానేయనా?" ఎవరో పంపిన వీడియో. "అత్తా, వీడియో చెప్పినవాడు నీ చెయ్యి పట్టుకుని చూశాడా? నీ డాక్టర్ని అడక్కుండా ఒక్కటీ మానకు" అన్నాను. వెళ్ళింది. ఆయన ఒక బిళ్ళ తగ్గించి, రెండోది ఉంచి, పదిహేను రోజులకి మళ్ళీ రమ్మన్నారట.

ఈ పథ్యాల వెనక ఒక నిజం ఉంది, దాన్ని ఒప్పుకోకుండా వెక్కిరిస్తే మన మాట ఎవరూ వినరు. 2017-18 ప్రాంతంలో వీరమాచినేని రామకృష్ణగారి కొబ్బరినూనె, నిమ్మకాయల ఆహారపద్ధతి తెలుగునాట ఊపేసింది. ఆయన డాక్టరు కాదు. అయినా అన్నం మానేస్తే చక్కెర తగ్గడం అబద్ధం కాదు. 2017లోనే బ్రిటన్‌లో డైరెక్ట్ అనే పరిశోధన ఫలితాలు వచ్చాయి. బాగా తగ్గించిన ఆహారంతో బరువు తగ్గించినవారిలో ఏడాదికి 46 శాతం మందికి మందుల్లేకుండానే టైప్ 2 మధుమేహం అదుపులోకి వచ్చింది. మామూలు వైద్యంలో ఉన్నవారిలో అది 4 శాతం. రెండేళ్ళకి ఆ 46 కాస్తా 36 అయింది. వాళ్ళూ మొదటిరోజే షుగరు బిళ్ళలు ఆపారు, కానీ కనిపెట్టి చూసే మనుషులున్నారు. ఇన్సులిన్ మీదున్నవారిని చేర్చుకోనేలేదు. వీడియో చూసేవాళ్ళలో టైప్ 1 పిల్లవాడు ఉండొచ్చు, వాడికి ఇన్సులిన్ ఆపితే ప్రాణాలకే ముప్పు. గ్లిమిపిరైడ్ వేసుకుంటూ పస్తున్నవారికి చక్కెర పడిపోతుంది. డపాగ్లిఫ్లోజిన్ వేసుకుంటూ పిండిపదార్థాలు పూర్తిగా మానినవారికి, చక్కెర పెద్దగా పెరగకుండానే, రక్తం ఆమ్లమయమయ్యే ప్రమాదముంది. వీడియోకి ఎదుటివాడు ఎవరో తెలియదు. 1954 చట్టం పట్టుకునేది మందు ప్రకటనని. "బిళ్ళలు మానేయండి" అని ఊరికే చెప్పేవాడిని పట్టుకోవడం దానివల్ల కాదు.

2020 మార్చి 25న, లాక్‌డౌన్ మొదలైన రోజే, కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఇచ్చింది. ఆశ్చర్యంగా అవి చాలా తెలివిగా ఉన్నాయి. పాత రోగికి పాత మందే మళ్ళీ రాయాలంటే దూరం నుంచి రాయొచ్చు. ముందు నేరుగా చూసిన రోగికి అదే జబ్బుకి ఇంకో మందు కలపాలన్నా, ఉదాహరణకి మెట్‌ఫార్మిన్‌కి తోడు సిటాగ్లిప్టిన్, కలపొచ్చు. ముక్కూమొహం తెలియని రోగికి ఉత్తి రాతమాటల మీద అలా రాయకూడదు. కృత్రిమమేధ సొంతంగా రోగికి సలహా చెప్పకూడదు, మందు రాయకూడదు, డాక్టరుకి సాయపడొచ్చు. డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరు చీటీ మీదా, పంపే సందేశాల్లోనూ చూపించి తీరాలి.

మా అత్త పంపిన వీడియో మొదటినుంచి చివరిదాకా చూశాను. పొడి డబ్బా కోసం ఫోన్ నంబరు మూడుసార్లు వచ్చింది. రిజిస్ట్రేషన్ నంబరు ఒక్కసారీ రాలేదు.