సముద్రగర్భ సూక్ష్మజీవులు - కర్బన నిల్వ

సముద్రపు అడుగున పేరుకున్న మట్టిపొరలలో (అవక్షేపాలలో) నివసించే బాక్టీరియా, ఆర్కియా మొదలైన ఏకకణ జీవులను సముద్రగర్భ సూక్ష్మజీవులు అంటారు. పైనుండి రాలిపడే సేంద్రియ పదార్థంలోని కర్బనం అడుగునే పూడుకుపోతుందా, తిరిగి నీటిలో కలుస్తుందా అన్నది చాలావరకు వీటిపై ఆధారపడి ఉంటుంది. మానవ కార్యకలాపాల వలన వెలువడే బొగ్గుపులుసు వాయువులో సుమారు నాలుగవ వంతును సముద్రాలు పీల్చుకుంటున్నందున వీటి అధ్యయనానికి ప్రాముఖ్యత ఏర్పడింది.

కర్బనం అడుగుకు చేరే విధానం

సూర్యరశ్మి సోకే పైనీటిలో వృక్షప్లవకాలు కిరణజన్య సంయోగక్రియ ద్వారా కర్బనాన్ని గ్రహిస్తాయి. మరణించిన ప్లవకాలు, వాటిని తినే జంతువుల విసర్జకాలు క్రిందికి దిగుతాయి. ఈ ప్రక్రియను జైవిక పంపు అంటారు. వీటిలో అధికభాగం దారిలోనే ఇతర జీవులకు ఆహారమవుతుంది. ప్లవకాలు గ్రహించిన కర్బనంలో చివరకు అవక్షేపాలలో పూడుకుపోయేది ఒక శాతం కంటే తక్కువే.

సూక్ష్మజీవుల పాత్ర

అడుగుకు చేరిన పదార్థాన్ని కుళ్ళబెట్టడానికి సూక్ష్మజీవులు మొదట ఆమ్లజనిని వాడుకుంటాయి. అది లేని లోతులలో నైట్రేటు, మాంగనీసు, ఇనుము ఆక్సైడులను, ఆపైన సల్ఫేటును వాడుకుంటాయి. సల్ఫేటు కూడా తరిగిపోయిన పొరలలో కొన్ని ఆర్కియాలు మీథేనును తయారుచేస్తాయి. 2006లో జరిపిన తవ్వకాలలో కృష్ణా-గోదావరి బేసిన్‌లో బయటపడిన మీథేన్ హైడ్రేటులలోని వాయువు ప్రధానంగా ఇలా ఏర్పడినదే.

పైకి వచ్చే మీథేనులో అధికభాగాన్ని వేరొక రకం ఆర్కియాలు, సల్ఫేటును వాడుకునే బాక్టీరియాతో జతకూడి, నీటిని చేరకమునుపే ఆక్సీకరిస్తాయి. అమెరికాలోని ఒరెగాన్ తీరానికి దూరంగా ఉన్న హైడ్రేట్ రిడ్జ్‌లో ఇటువంటి జీవసముదాయాలను గుర్తించిన సంగతి 2000లో ప్రచురితమైంది. ఈ చర్యలో ఏర్పడిన బైకార్బొనేటులో కొంత సున్నపురాయిగా మారి అక్కడే నిలిచిపోతుంది.

కృత్రిమ నిల్వ ప్రయత్నాలు

సముద్రంలో ఇనుము చల్లి ప్లవకాలను పెంచితే ఎక్కువ కర్బనం అడుగుకు చేరుతుందన్న ఆలోచనను పరీక్షించడానికి, 2009లో గోవాలోని జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థ, జర్మనీకి చెందిన ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ సంస్థ కలిసి దక్షిణ మహాసముద్రంలో లోహాఫెక్స్ ప్రయోగం చేపట్టాయి. సుమారు 300 చదరపు కిలోమీటర్ల మేర ఇనుము కలిపారు. ప్లవకాలు పెరిగాయి. అయితే ఆ నీటిలో సిలికా తక్కువగా ఉండడం వలన గట్టి పెంకు గల డయాటములు వృద్ధి చెందలేదు. పెరిగిన ప్లవకాలను కోపెపోడులు అనే చిన్న జంతువులు తినివేశాయి. లోతుకు దిగిన కర్బనం స్వల్పం.

పైనీటిలో ప్లవకాలు పెరిగినంత మాత్రాన కర్బనం నిల్వ అయినట్లు కాదని ఈ ప్రయోగం చూపింది. అడుగుకు చేరిన దానిలోనూ సూక్ష్మజీవులు వినియోగించగా మిగిలినదే దీర్ఘకాలపు నిల్వ. సముద్రాలలో ఇటువంటి ప్రయోగాలను నియంత్రించడానికి 2013లో లండన్ ప్రోటోకాల్ సభ్యదేశాలు ఒక సవరణను ఆమోదించాయి.